చూసినవాడు తిరిగొచ్చి చెప్పిన కథ

టీసైడ్ ఎయిర్‌పోర్టు చాలా చిన్నది. ఇంగ్లండు ఈశాన్య మూలన ఉన్న డార్లింగ్టన్, మిడిల్స్‌బరో వైపు చదువులకీ, ఆసుపత్రి పనులకీ, కేర్‌హోమ్ ఉద్యోగాలకీ వచ్చే మనవాళ్ళు కొందరు ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా అక్కడే దిగుతారు. దిగగానే ఎవరి కంగారు వాళ్ళది. పెట్టె వచ్చిందా, కాయితాలు జేబులోనే ఉన్నాయా, తీసుకెళ్తానన్న మనిషి వచ్చాడా, ఇంటికి ఫోన్ కలుస్తుందా. ఆ హడావుడిలో ఎయిర్‌పోర్టు ఆవరణలో ఉన్న ఒక కంచు విగ్రహం ఎవరి కంటా పడదు. పాతకాలపు విమాన సైనికుడి దుస్తుల్లో ఉన్న ఒక యువకుడు, నిటారుగా నిలబడి సెల్యూట్ చేస్తూ ఉంటాడు. మేము కూడా చాలాసార్లు ఆ దారినే పోయి, ఆయనెవరో అడగలేదు.

అడిగి తెలుసుకున్నాక, ఈ ఏడాది మన సంచికలో ఆయన గురించి రాయాలనిపించింది. ఆయన మన తెలుగువాడు కాదు, భారతీయుడూ కాదు. కానీ పొట్ట చేతపట్టుకుని దేశం దాటిన కుటుంబంలో పుట్టినవాడు. చిన్న వయసులో తండ్రి పోతే ఇంటి బరువు మోసినవాడు. పరాయి దేశపు నేలమీద, తోటివాణ్ణి కాపాడబోయి చనిపోయినవాడు. ఇలాంటి మనిషి కథ వలస వచ్చిన మనకి అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

ఆయన పేరు ఆండ్రూ చార్లెస్ మైనార్‌స్కీ. 1916 అక్టోబరు 14న కెనడాలోని విన్నిపెగ్ నగరంలో పుట్టాడు. తల్లిదండ్రులు స్టాన్లీ, అన్నా. ఇద్దరూ పోలెండు నుంచి వలస వచ్చినవాళ్ళు. విన్నిపెగ్ ఉత్తర భాగం ఆ రోజుల్లో పూర్తిగా వలసవాళ్ళ పేట. పోలెండువాళ్ళు, ఉక్రెయిన్‌వాళ్ళు, యూదులు అక్కడే ఇరుకిళ్ళలో కాపురాలుండేవాళ్ళు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. మన పిల్లలు ఇవాళ పెరుగుతున్నట్టే ఆండ్రూ కూడా పెరిగాడు.

అతనికి 16 ఏళ్ళప్పుడు తండ్రి చనిపోయాడు. 1930ల మొదటి సంవత్సరాలవి. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉంది, ఎక్కడా పని దొరకని కాలం. ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉన్నారు. ఆండ్రూ బొచ్చు కోట్లు తయారుచేసే ఒక వ్యాపారి దగ్గర మెత్తటి తోళ్ళు కోసే పనిలో చేరి, ఇంటికి ఆసరాగా నిలిచాడు. ఆ పని నాలుగేళ్ళు చేశాడు. ఈ నాలుగేళ్ళ గురించి పుస్తకాల్లో ఒక్క వాక్యం ఉంటుంది. పదహారేళ్ళకే బడి మాని పనికెళ్ళినవాళ్ళు మనలో ఉన్నారు కాబట్టి, ఆ ఒక్క వాక్యంలో ఎంత ఉందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. జర్మనీ ముందుగా దాడి చేసింది పోలెండు మీదే, అంటే ఆండ్రూ తల్లిదండ్రులు వదిలి వచ్చిన దేశం మీదే. అతను మొదట కొద్దికాలం స్థానిక పదాతి దళంలో ఉన్నాడు. 1941 చివర్లో కెనడా వైమానిక దళంలో చేరాడు. వైర్‌లెస్ ఆపరేటర్ అవుదామని శిక్షణకెళ్తే మోర్స్ సంకేతాలు పట్టుబడలేదు. అక్కణ్ణించి గన్నర్ శిక్షణకి మార్చారు. విమానం మీద గాజు బుడగలా ఉండే గదిలో కూచుని, శత్రువు విమానం దగ్గరికి రాకుండా కాపలా కాయడం గన్నర్ పని. శిక్షణ ముగిశాక సముద్రం దాటి ఇంగ్లండుకి వచ్చాడు.

ఆ రోజుల్లో బాంబర్ విమానంలో పని అంటే ఏమిటో కాస్త చెప్పాలి. లాంకాస్టర్ అనే విమానానికి నాలుగు ఇంజిన్లు, ఏడుగురు మనుషులు. పైలట్, ఫ్లైట్ ఇంజినీర్, దారి లెక్కగట్టే నావిగేటర్, బాంబులు వదిలే బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, విమానం నడుం మీద ఒక గన్నర్, తోక చివర ఇంకో గన్నర్. తోక గన్నర్ పరిస్థితి మిగతా ఆరుగురికంటే కష్టం. అందరికీ దూరంగా, ముఖం వెనక్కి పెట్టి, చలిలో ఆరేడు గంటలు ఒంటరిగా కూచోవాలి. ఆ గది ఎంత ఇరుకంటే పారాచూట్ కూడా లోపల పెట్టుకోవడానికి చోటుండదు, వెనక విమానంలో తగిలించి ఉంచుతారు. ప్రమాదం వస్తే తలుపు తెరిచి, చెయ్యి చాచి దాన్ని అందుకుని, తగిలించుకుని, గదిని పక్కకి తిప్పి, వెనక్కి దూకాలి. ఇదంతా విమానం కాలుతూ పడిపోతుండగా చెయ్యాలి.

బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో మొత్తం సుమారు 1,25,000 మంది ఇలా ఎగిరారు. వాళ్ళలో 55,573 మంది చనిపోయారు. అంటే ప్రతి పదిమందిలో నలుగురికి పైగా. అందరూ తమంతట తాము ముందుకొచ్చి చేరినవాళ్ళే, బలవంతాన పంపినవాళ్ళు ఎవరూ లేరు. చాలామందికి పాతికేళ్ళు కూడా నిండలేదు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, పోలెండు, వెస్టిండీస్ దీవులు, ఇలా ఎక్కడెక్కడినుంచో వచ్చారు. కెనడావాళ్ళే దాదాపు పదివేల మంది చనిపోయారు.

ఇందులో మన వైపు పేరు ఒకటి కూడా ఉంది. బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్ పేరు హైదరాబాద్ స్క్వాడ్రన్. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1918లో, దాని బాంబర్ విమానాలకి నిజాం డబ్బిచ్చాడు. అందుకని ఆ పేరు. రెండో యుద్ధంలోకి బ్రిటన్ దిగిన మర్నాడు, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ యుద్ధనౌకల మీదికి బ్రిటన్ చేసిన తొలి బాంబు దాడిలో ముందు వెళ్ళింది ఈ హైదరాబాద్ స్క్వాడ్రన్ విమానాలే. వాటిలో ఒకటి తిరిగిరాలేదు. నిజాం ఖజానాలో డబ్బంటే అది సంస్థానపు రైతులు కట్టిన శిస్తు డబ్బే కదా. తెలంగాణ పల్లెల్లో శిస్తు కట్టిన ముత్తాతలకి అది ఏ సముద్రం మీద ఎగురుతోందో తెలిసి ఉండదు.

మళ్ళీ ఆండ్రూ దగ్గరికి వద్దాం. 1944 వసంతంలో అతన్ని మిడిల్టన్ సెయింట్ జార్జ్ అనే విమాన స్థావరానికి పంపారు. ఇప్పుడు టీసైడ్ ఎయిర్‌పోర్టు ఉన్నది ఆ చోటే. మనవాళ్ళ విమానాలు దిగే రన్‌వే నేల మీదినుంచే ఆ రోజుల్లో బాంబర్లు చీకటి పడ్డాక లేచేవి. అక్కడ కెనడా వైమానిక దళపు 419వ స్క్వాడ్రన్ ఉండేది. ఆండ్రూ చేరిన విమానంలో పైలట్ ఆర్ట్ డి బ్రేన్. తోక గన్నర్ పాట్ బ్రోఫీ. ఆండ్రూ విమానం నడుం మీది గన్నర్.

బ్రోఫీకీ ఆండ్రూకీ మంచి దోస్తీ కుదిరింది. బ్రోఫీ ఆఫీసరు, ఆండ్రూ అంతకంటే కింది హోదాలో ఉండేవాడు. సైన్యంలో హోదా తేడా అంటే భోజనం వేరు, బస వేరు. అయినా ఇద్దరూ కలిసే తిరిగేవాళ్ళు. రాత్రి ఎవరి బసకి వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆండ్రూ సరదాగా బిగుసుకుని నిలబడి, సెల్యూట్ కొట్టి, "గుడ్‌నైట్ సర్" అనేవాడు. పెద్ద మర్యాదేం కాదు, స్నేహితుణ్ణి ఆటపట్టించడం. మనం కూడా పనిచోట సూపర్‌వైజర్ అయిన పాత స్నేహితుణ్ణి "సరే దొరా, తమరి దయ" అంటూ ఉడికిస్తామే, అలాంటిది. తర్వాత జూన్‌లో ఆండ్రూకి కూడా పైలట్ ఆఫీసర్ హోదా వచ్చింది. అది హోదా పేరే, విమానం నడపడానికి దానితో సంబంధం లేదు. ఇక సెల్యూట్ కొట్టాల్సిన పని లేకపోయినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యాలు ఫ్రాన్సు తీరాన నార్మండీలో దిగాయి. జర్మన్లు తమ సైన్యాన్నీ ట్యాంకుల్నీ రైళ్ళమీద అక్కడికి తరలించకుండా ఆపాలి. అందుకని ఫ్రాన్సులోని రైల్వే యార్డుల మీద రాత్రిళ్ళు బాంబులు వేస్తున్నారు. జూన్ 12 రాత్రి ఆండ్రూవాళ్ళకి అప్పజెప్పింది కాంబ్రే పట్నం రైల్వే యార్డు. ఆ జట్టుకి అది 13వ ప్రయాణం. పైగా చేరేది 13వ తేదీ అర్ధరాత్రి దాటాక. అంకెల మీద నమ్మకాలు మనకే కాదు, వాళ్ళకీ ఉన్నాయి. బయల్దేరే ముందు విమానం పక్కన గడ్డిలో ఆండ్రూకి నాలుగాకుల క్లోవర్ మొక్క దొరికిందని, వాళ్ళ దేశాల్లో అది అదృష్టానికి గుర్తని, దాన్ని తనకే ఇచ్చాడని బ్రోఫీ తర్వాత చెప్పాడు.

ఫ్రాన్సు తీరం దాటాక విమానం ఒకసారి సర్చ్‌లైట్ల వెలుగులో చిక్కి తప్పించుకుంది. తర్వాత కిందికి దిగుతుండగా వెనకనుంచి ఒక జర్మన్ రాత్రి ఫైటర్ వచ్చింది. బ్రోఫీ అరిచి హెచ్చరించాడు. పైలట్ విమానాన్ని మెలికలు తిప్పాడు. కానీ ఫైటర్ కిందనుంచి కాల్చిన గుళ్ళు ఎడమ వైపు రెండు ఇంజిన్లకీ తగిలాయి. రెక్క అంటుకుంది. విమానం మధ్యలో, ఇద్దరు గన్నర్ల గదుల నడుమ కూడా మంటలు లేచాయి. మాట్లాడుకునే ఫోన్ తీగలు తెగిపోయాయి. అందరూ దూకెయ్యమని పైలట్ ఎర్రదీపం వెలిగించి సంకేతమిచ్చాడు. బాంబులింకా లోపలే ఉన్నాయి.

ముందు భాగంలో ఉన్నవాళ్ళు ముందు తలుపులోంచి దూకారు. ఆండ్రూ తన గదిలోంచి దిగి, వెనక ఉన్న తలుపు దగ్గరికి వచ్చాడు. ఇక దూకడమే తరువాయి. ఆ క్షణంలో తోకవైపు చూశాడు. గాజు గదిలో బ్రోఫీ ఇరుక్కుపోయి ఉన్నాడు.

తోక గదిని తిప్పే హైడ్రాలిక్ ఒత్తిడి ఇంజిన్ నుంచి రావాలి. ఆ ఇంజిన్ పోయింది. గది సగంలో తిరిగి ఆగిపోయింది. లోపలికీ రాలేడు, బయటికీ దూకలేడు. చేత్తో తిప్పే పిడి ఒకటి ఉంటుంది. బ్రోఫీ దాన్ని గట్టిగా తిప్పితే అదీ విరిగి చేతికొచ్చింది.

ఆండ్రూ తలుపు వదిలేశాడు. చేతులమీదా మోకాళ్ళమీదా మంటల్లోంచి పాకుతూ తోకవైపు వెళ్ళాడు. హైడ్రాలిక్ నూనె అంటుకుని అతని బట్టలు కాలుతున్నాయి. అక్కడున్న గొడ్డలి తీసుకుని గది తలుపు మీద కొట్టాడు. కదల్లేదు. గొడ్డలి పడేసి ఉత్త చేతులతో లాగాడు. కదల్లేదు. బ్రోఫీ లోపల్నుంచి చూస్తున్నాడు. ఇక లాభం లేదు, నువ్వు వెళ్ళిపో అని చేత్తో సైగ చేశాడు, అరిచాడు. ఆండ్రూ కాసేపు వినలేదు. చివరికి వెనుదిరిగాడు. కాదు, వెనుదిరగనైనా లేదు. స్నేహితుడి వైపే చూస్తూ, మంటల్లోంచి వెనక్కి వెనక్కి పాకాడు. తలుపు దగ్గరికొచ్చి, నడుం దాకా కాలుతున్న బట్టలతో, నిటారుగా లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. పెదవులు కదిలాయి. ఆ రొదలో మాట వినబడలేదు, కానీ ఏమన్నాడో బ్రోఫీకి తెలుసు. గుడ్‌నైట్ సర్.

తర్వాత దూకేశాడు. పారాచూట్ కూడా అంటుకుంది. కింద పొలాల్లో పడ్డాక ఫ్రెంచి రైతులు అతన్ని చూసి దగ్గరికి పరిగెత్తారు. ఒళ్ళంతా కాలిపోయింది. బతకలేదు. అప్పటికి ఆండ్రూ వయసు 27 ఏళ్ళు.

ఇక బ్రోఫీ సంగతి. విమానం అతనితో సహా నేలకి జారింది. ఏటవాలుగా పడుతూ ఒక చెట్టుకి తగిలింది. ఆ దెబ్బకి తోక గది విరిగి, బ్రోఫీ బయటికి విసిరేసినట్టు పడ్డాడు. కళ్ళు తెరిచి చూసుకుంటే పెద్ద దెబ్బ ఒక్కటీ లేదు. చేతి గడియారం రెండుం పదమూడు దగ్గర ఆగిపోయి ఉంది. ఏడుగురిలో ఆరుగురు బతికారు. ఇద్దరు జర్మన్లకి పట్టుబడ్డారు. బ్రోఫీ, పైలట్ డి బ్రేన్, ఇంకో ఇద్దరిని ఫ్రెంచి పల్లెజనం, ప్రతిఘటన దళాలవాళ్ళు దాచిపెట్టారు. పట్టుబడితే దాచినవాళ్ళకి కాల్చివేత తప్పదు. అయినా దాచారు. మిత్రరాజ్యాల బాంబులు ఆ ప్రాంతాల రైల్వే పట్నాల్లో ఫ్రెంచి ఇళ్ళమీద కూడా పడి వాళ్ళ మనుషుల్ని చంపుతున్న రోజులవి. ఆ బాధలో ఉండి కూడా భాష రాని అపరిచితులకి అన్నం పెట్టి చోటిచ్చారు. ఆండ్రూ సమాధి ఇప్పటికీ ఆ దేశంలోనే, ఆమియాన్ దగ్గర మేహారీకూర్ అనే పల్లెలోని శ్మశానంలో ఉంది.

1944 సెప్టెంబరులో బ్రోఫీ ఇంగ్లండుకి తిరిగొచ్చాడు. ఆండ్రూ లేడన్న కబురు అప్పుడు గాని అతనికి తెలియలేదు. ఆ విమానంలో ఆఖరి నిమిషాల్లో ఏం జరిగిందో ఈ భూమ్మీద తెలిసింది అతనొక్కడికే. మిగతావాళ్ళు అప్పటికే దూకేశారు. చూసింది ఒక్కడే, వాడు కూడా చావాల్సినవాడే, ఒక చెట్టు అడ్డం రాబట్టి బతికాడు. యుద్ధం ముగిశాక జట్టువాళ్ళు కలుసుకున్నప్పుడు బ్రోఫీ సంగతంతా చెప్పాడు. పైలట్ డి బ్రేన్ ఊరుకోలేదు. ఈ కుర్రాడికి గుర్తింపు రావాల్సిందేనని పై అధికారుల వెంటపడ్డాడు. 1946 అక్టోబరు 11న బ్రిటిష్ సామ్రాజ్యపు అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ ఆండ్రూ పేర ప్రకటించారు. ఆ డిసెంబరులో విన్నిపెగ్‌లో వాళ్ళమ్మ అన్నా దాన్ని అందుకుంది. పోలెండు నుంచి బతుకుతెరువుకి వచ్చి, మొగుణ్ణి పోగొట్టుకుని, కొడుకుని పోగొట్టుకున్న తల్లి. ఆ పతకం ఆమె చేతిలో ఎంత బరువుగా ఉండి ఉంటుందో మనం ఊహించుకోగలం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ చెట్టు అక్కడ లేకపోతే? బ్రోఫీ కూడా విమానంతో పాటు కాలిపోతే? అప్పుడు ఆండ్రూ మైనార్‌స్కీ అంటే 55,573 మందిలో ఒక అంకె. మిగిలినవాళ్ళంతా దూకి బతికారు, ఇతను ఎందుకో ఆలస్యం చేశాడు, కాలి చనిపోయాడు. అంతే రాసి ఉండేవాళ్ళు. పారాచూట్ సరిగా వాడుకోలేదేమో అని కూడా ఎవరైనా అని ఉండొచ్చు. చేసిన పని అదే, పోయిన ప్రాణమూ అదే. తేడా అల్లా చూసినవాడు ఒకడు బతికొచ్చి చెప్పడం.

చెప్పేవాడు మిగలని విమానాలు వేలకి వేలు. లండన్‌కి దగ్గర్లో రన్నీమీడ్ అనే చోట ఒక గుట్టమీద స్మారక మందిరం ఉంది. సమాధి కూడా దొరకని విమాన సైనికుల పేర్లు అక్కడి గోడలమీద చెక్కారు. 20,000కి పైనే ఉన్నాయి. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళిన టెలిగ్రాముల్లో కనిపించడం లేదు అన్న మాటే ఉండేది. చనిపోయాడని కాదు, బతికున్నాడనీ కాదు. కొన్ని ఇళ్ళల్లో ఆ ఎదురుచూపు ఏళ్ళ తరబడి సాగింది. ఆ గోడమీది పేర్లలో ఇంకెంతమంది ఆండ్రూలున్నారో ఎవరూ చెప్పలేరు.

నిజాయితీగా చెప్పుకోవాల్సిన ఇంకో సంగతి ఉంది. ఈ విమానాలు మోసుకెళ్ళింది బాంబులు. హాంబర్గ్, డ్రెస్డెన్ లాంటి జర్మన్ నగరాల్లో ఒక్కో దాడిలో వేలూ పదివేలూ సామాన్య జనం, పిల్లాజెల్లాతో సహా కాలిపోయారు. అందుకే యుద్ధం గెలిచాక బ్రిటన్ పెద్దలు ఈ బాంబర్ కుర్రాళ్ళ గురించి గట్టిగా మాట్లాడ్డానికి జంకారు. లండన్ గ్రీన్ పార్కులో వాళ్ళ స్మారకం కట్టడానికి 2012 దాకా పట్టింది. ఆ స్మారకం మీద బాంబుల కింద చనిపోయిన అన్ని దేశాల ప్రజల్నీ తలుచుకుంటూ ఒక మాట చెక్కారు. అలా చెక్కడం న్యాయమే. మేము ఆండ్రూని తలుచుకోవడం యుద్ధాన్ని మెచ్చుకోవడం కాదు. అతని చేత ఏ పని చేయించారన్నది ఒక ప్రశ్న. కాలుతున్న విమానంలో ఎవరూ ఆజ్ఞాపించకుండా అతను తనంతట తాను చేసిన పని వేరే సంగతి.

ఆ పని ఫలించలేదు కూడా. తలుపు తెరుచుకోలేదు. బ్రోఫీ బతికింది ఆండ్రూ వల్ల కాదు. అయినా బ్రోఫీ 1991లో చనిపోయేదాకా ఆండ్రూ కథ చెబుతూనే ఉన్నాడు. మనిషి వెళ్ళాడా లేదా అన్నదే లెక్క.

ఇది చదువుతుంటే మాకు కోళికోడ్ గుర్తొచ్చింది. 2015 నవంబరులో కేరళలోని ఆ నగరంలో మ్యాన్‌హోల్‌లో దిగిన ఇద్దరు కూలీలు విషవాయువుకి లోపలే పడిపోయారు. ఇద్దరూ ఆంధ్రా నుంచి పనికి వెళ్ళినవాళ్ళు. అటుగా ఉన్న నౌషాద్ అనే ఆటో డ్రైవరు వాళ్ళెవరో తెలియకపోయినా లోపలికి దిగాడు. ముగ్గురూ చనిపోయారు. అతను కూడా ఎవర్నీ బయటికి తేలేకపోయాడు. చుట్టూ జనం ఉన్నారు, చూశారు, చెప్పారు. అందుకే ఆ ఊరు అతన్ని మరిచిపోలేదు, మన రాష్ట్రం కాని రాష్ట్రంలో మనవాళ్ళ కోసం ప్రాణమిచ్చిన ఆ మనిషిని మనమూ మరిచిపోకూడదు.

ఆండ్రూ జ్ఞాపకాన్ని నిలబెట్టినవాళ్ళు కూడా ఎక్కువమంది మామూలు జనమే. విన్నిపెగ్‌లో ఒక బడికి అతని పేరు పెట్టారు. మనిటోబా రాష్ట్రంలో కొన్ని సరస్సులకి అతని పేరుంది. కెనడాలో హామిల్టన్ మ్యూజియంవాళ్ళు ఒక పాత లాంకాస్టర్‌ని బాగుచేసి, ఆండ్రూ ఎగిరిన విమానం అక్షరాలే దానిమీద రాసి, అతని పేరుతో ఎగరేస్తున్నారు. యుద్ధకాలంలో కట్టిన 7,000 పైచిలుకు లాంకాస్టర్లలో ఇవాళ ఎగరగలిగేవి ప్రపంచంలో రెండే మిగిలాయి, అందులో ఇదొకటి. 2014లో ఆ విమానం అట్లాంటిక్ దాటి బ్రిటన్ వచ్చింది. ఇక మన ఎయిర్‌పోర్టులో ఉన్న విగ్రహం ఇక్కడి దినపత్రిక ఒకటి పిలుపిస్తే పాఠకులు తలా కాస్త వేసుకున్న చందాలతో వచ్చింది. 2005 జూన్ 4న దాన్ని ఆవిష్కరించారు. అంటే అతను పోయిన 61 ఏళ్ళకి. ఆలస్యమే. అయినా రాతలో ఉంది కాబట్టి 61 ఏళ్ళ తర్వాతైనా జరిగింది.

ఇప్పుడు మన సంగతి. వేదిక పని చేసే మాకు కొన్ని ఫోన్లు అర్ధరాత్రి వస్తాయి. ఎక్కడో ఒకరు పోయారని. అక్కణ్ణించి కాయితాల పని మొదలవుతుంది. మరణ ధ్రువీకరణ, ఎంబసీ అనుమతి, విమానం టిక్కెట్టు, చందాలు. పెట్టె ఊరు చేరాక మా పని అయిపోయిందనుకుంటాం. కానీ కొన్ని వారాల తర్వాత ఊరినుంచి ఇంకో ఫోన్ వస్తుంది. పోయినవాడి తల్లో, భార్యో. డబ్బు గురించి కాదు. "బాబూ, ఆఖరిరోజు వాడు అన్నం తిన్నాడా? ఎవరైనా పక్కనున్నారా? ఏమైనా అన్నాడా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి ఏ ఆఫీసు కాయితంలోనూ జవాబుండదు. కాయితం మీద గుండెపోటు అనో, ప్రమాదం అనో ఒక్క ముక్క ఉంటుంది. అసలు జవాబు తెలిసింది పక్క మంచం మీద పడుకున్న రూమ్మేటుకి, అదే షిఫ్టులో పనిచేసిన తోటివాడికి. వాళ్ళు కూడా కొన్నాళ్ళకి వేరే ఊరికి, వేరే కంపెనీకి వెళ్ళిపోతారు. ఆ జవాబూ వాళ్ళతోపాటే పోతుంది.

అందుకని సభ్యులందరికీ ఈ సంచిక ద్వారా మా మనవి ఒక్కటే. మీ పక్కవాడికి ఏదైనా జరిగితే, మీరు చూసింది చూసినట్టు ఆ వారంలోనే ఒక కాయితం మీద రాయండి. తేదీ, వేళ, చోటు, ఎవరెవరున్నారు, అతను ఏం చేస్తూ ఉన్నాడు, ఏమన్నాడు. భాష బాగుండక్కర్లేదు. తప్పులున్నా ఫర్వాలేదు. రాయడం రాకపోతే ఫోనులో మాట్లాడి రికార్డు చేసి మాకు పంపండి, మేము రాస్తాం. ఒక ప్రతి ఇంటివాళ్ళకి చేరుస్తాం, ఒకటి మన దగ్గర భద్రపరుస్తాం. పరిహారం కేసుల్లో అది అక్కరకొస్తే మంచిదే. రాకపోయినా, ఒక తల్లి అడిగిన ప్రశ్నకి జవాబు ఉంటుంది. వాడు ఎవరికో సాయం చేయబోయి పోయాడన్న సంగతి వాడి పిల్లలకి పెద్దయ్యాక తెలుస్తుంది.

ఈసారి టీసైడ్‌లో దిగినప్పుడు, తీసుకెళ్ళే కారు వచ్చేలోపు ఆ విగ్రహం దగ్గరికి ఒకసారి వెళ్ళిరండి. పేరు చదవండి. తోళ్ళు కోసి ఇల్లు నడిపిన కుర్రాడు, స్నేహితుడికి గుడ్‌నైట్ చెబుతూ అక్కడ నిలబడి ఉన్నాడు.